చెయ్యెత్తని గ్లౌజు

పడవ ముందరి పెట్టెలోంచి రెండు పాదాలు మాత్రం బయటికి కనబడుతున్నాయి. మిగతా అత్తగారంతా లోపలే ఉంది.

"అత్తయ్యా, ఊపిరాడుతోందా?" టైలరమ్మ వంగి అడిగింది. పక్కనే నేలమీద బల్లఫ్యాను గిర్రున తిరుగుతూ పెట్టెలోకి గాలి కొడుతోంది.

"నాకు ఆడుతోంది. ఈ చెక్కకే దాహం తీరట్లేదు. అంచులు పూసింది పూసినట్టే తాగేస్తున్నాయి. మధ్యలో పూసింది మాత్రం మెరుస్తూ అలాగే ఉంది. ఎందుకంటావ్?"

"ముందు పూయండి. ఎందుకో తర్వాత చూద్దాం."

"తర్వాత చూద్దాం అన్నావంటే ఇక చూడవని నాకు తెలుసు."

అత్తగారిని వీధి వీధంతా ఎందుకమ్మ అంటుంది. మనిషి పిట్టంత, ప్రశ్నలు కొండంత. గోడగడియారం ఆగిపోతే విప్పి చూసేది, ఆగకపోయినా విప్పి చూసేది. కోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఆమె కుట్టుమిషన్‌ని ముక్కముక్కలుగా విప్పి, ఎక్కడా ఏ జబ్బూ లేదని కాస్త నిరాశపడి, మళ్ళీ ఎలా ఉన్నదలా బిగించి పెట్టింది. ఆ రోజునుంచే అత్తాకోడళ్ళకు పొత్తు కుదిరింది.

పడవ ఆలోచన కోడలిది. పాత పత్రిక కాగితంలో చుట్టుకుని ఎవరో గుండీలు తెచ్చారు. ఆ కాగితంమీద ఒక చిన్న పడవ బొమ్మ, దాని కింద దాన్ని విప్పి పరిచినట్టు ముక్కలు, ముక్కల పక్కన కొలతలు. చూడగానే టైలరమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. ఇది చొక్కా కటింగే కదా అనుకుంది. రెండు పక్కలు, ఒక అడుగు, ముందూ వెనకా రెండు పట్టీలు. చదునైన బట్ట కుట్టగానే ఒంటి ఒంపు తిరిగినట్టే, చదునైన ప్లైవుడ్ కూడా అంచూ అంచూ కలిపి కుడితే పడవ ఒంపు తిరుగుతుంది. దారానికి బదులు రాగితీగ, అంతే తేడా.

ఆమె ఇన్నేళ్ళూ కుట్టినవన్నీ ఎదుటివాళ్ళ కొలతలే. వాళ్ళు వేసుకుని ఎక్కడెక్కడికో వెళ్ళేవాళ్ళు, ఆమె మిషన్ ముందే ఉండేది. తన కొలతకని తను కత్తిరించుకున్న మొదటి వస్తువు ఈ పడవే. తనకూ అత్తగారికీ సరిపడా, ఇద్దరు కూర్చునేంత.

కుట్టుమిషన్‌ని గోడవారకు జరిపి, షాపు గది మధ్యలోనే పడవను నిలబెట్టారు. తీగతో కుట్టి, కుట్ల వెంబడి రెజిన్ అనే జిగురులో రంపపుపొట్టు కలిపిన పుట్టీ పెట్టి, అది గట్టిపడ్డాక కచ్చాకుట్లు విప్పినట్టు తీగలన్నీ లాగేసింది. ఇక మిగిలింది లోపలి రెజిన్ పూత. బయట కంటే లోపలే ముఖ్యమని ఆ కాగితంలో రాసి ఉంది. బయటి తడి ఆరిపోతుంది, లోపల చేరిన తడి మూలల్లో దాక్కుని చెక్కని కుళ్ళబెడుతుంది. పైగా ముందొకటి, వెనకొకటి గాలిపెట్టెలున్నాయి. పడవ నిండా నీళ్ళు చేరినా మునిగిపోకుండా పట్టుకునేవి అవే. వాటి లోపల ఒక్క చుక్క సందు కూడా ఉండకూడదు.

ముందుపెట్టె పైమూతను టైలరమ్మ తొందరపడి ముందే అతికించేసింది. అది పెట్టాక పడవకు ముక్కూమొహం వచ్చినట్టయింది, ఆగలేకపోయింది. దాంతో లోపల పూయడానికి పెట్టెకు పడవ లోపలివైపు గోడలో వదిలిన చిన్న కిటికీ ఒక్కటే దారి. ఆ కిటికీలో పట్టే మనిషి ఇంట్లో ఒక్కరే.

టైలరమ్మ భర్త బస్సు డ్రైవరు. ఇంటికొచ్చినప్పుడల్లా పడవ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, చెక్కని వేలితో టకటకా కొట్టి చూసేవాడు.

"మంచి ప్లైవుడ్డే. షాపులో అరలు లేక బట్టలన్నీ కుర్చీలమీదే ఉంటున్నాయి కదా."

"అరలు అరలే, పడవ పడవే," అనేది టైలరమ్మ.

ఒకరోజు భోజనాల దగ్గర మాత్రం అతను నవ్వకుండా చెప్పాడు. "చూడు, నిన్ను ఆపను. నీకు ఈత వచ్చు. మా అమ్మకు రాదు. ఆదివారం నాకు సెలవు. రేవులో పడవ నిండా నీళ్ళు పోస్తాను. అయినా మనిషిని మోస్తూ తేలిందా, మీ ఇష్టం, మీ పడవ. మునిగిందా, సోమవారం వడ్రంగి వస్తాడు."

"అరల కోసమా?" అంది ఎందుకమ్మ.

"అవునమ్మా."

"న్యాయమే," అంది ఆమె, కోడలి మొహం చూడకుండా.

మొదటి పూత రోజే ఒక చిక్కు వచ్చింది. షట్టరు మీద ఎండ పడే వేళకు పూత మొదలుపెట్టారు. కాసేపటికి పూత నిండా చిన్నచిన్న బుడగలు లేచాయి. ఒకటి చిదిపితే పక్కన ఇంకొకటి. టైలరమ్మ రెజిన్ డబ్బాని అనుమానంగా చూసింది. కలపడంలో తప్పు జరిగిందేమో అనుకుంది. ఎందుకమ్మ మాత్రం ముక్కాలిపీట వేసుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని బుడగల ముందు కూర్చుంది. అలా కూర్చుందంటే ఇక ఆమెను లేపడం ఎవరివల్లా కాదు.

"ఇది రెజిన్ తప్పు కాదే అమ్మాయ్," అంది చివరికి. "చెక్క ఊపిరి వదులుతోంది. గది వేడెక్కుతోంది కదా. చెక్కలో ఉన్న గాలి ఉబ్బి బయటికొస్తోంది. మనం దాని నోటికి జిగురు రాశాం, పాపం అదేం చేస్తుంది?"

"అయితే ఎప్పుడు పూయాలి?"

"అది ఊపిరి పీల్చుకునేటప్పుడు. సాయంత్రం, గది చల్లబడుతున్నప్పుడు."

బుడగల పూతని ఉప్పుకాగితంతో రుద్ది, నీళ్ళతో కడిగి, సాయంత్రం మళ్ళీ పూశారు. ఒక్క బుడగ లేవలేదు. పూత చెక్కలోకి ఇంకి, అద్దంలా నిలిచింది. ఎందుకమ్మ అందులో తన మొహం చూసుకుని, జుట్టు సవరించుకుని మరీ బయటికొచ్చింది. మరునాటి సాయంత్రం రెండో పూత కూడా అలాగే వేశారు.

రెండు పెట్టెల కిటికీలకూ ప్లైవుడ్ పలకలు అతికించారు. ఒక్కో పలకకూ చెయ్యి పట్టేంత గుండ్రటి మరమూత, మూత మధ్యలో బుడిపెలా చిన్న గొట్టం.

"మరి లోపల గాలి నిలుస్తోందో లేదో నీళ్ళలో దించకుండా ఎలా తెలుస్తుంది?" అంది టైలరమ్మ.

ఎందుకమ్మ చేతికున్న రబ్బరు గ్లౌజు తీసి, బారుగా సాగేలా లాగి వదిలింది. అది చప్పున ముడుచుకుంది. "చెక్కలో గాలికి ఎండ తగిలితే ఉబ్బిందా లేదా? పెట్టెలో గాలికీ అంతే కదా. ఈ గ్లౌజుని గొట్టానికి తొడిగి ఎండలో పెట్టు. పెట్టెలో సందు లేకపోతే గాలి ఇందులోకే రావాలి."

శుక్రవారం పొద్దున్నే పడవని పెరట్లోకి మోసుకెళ్ళి, రెండు గొట్టాలకూ రెండు గ్లౌజులు తొడిగి, రబ్బరుబ్యాండ్లు బిగించారు. గ్లౌజులు రెండూ పక్కకు వాలి పడుకున్నాయి. ఎండ ఎక్కింది. వెనకపెట్టె గ్లౌజు ముందు మణికట్టు దగ్గర కదిలింది. తర్వాత అరచెయ్యి లేచింది. మధ్యాహ్నానికి ఐదువేళ్ళూ విచ్చుకుని, బడిలో జవాబు తెలిసిన పిల్లలా నిటారుగా చెయ్యెత్తి నిలబడింది.

ముందుపెట్టె గ్లౌజు పడుకున్నది పడుకున్నట్టే ఉంది.

"దీనికి జవాబు తెలీదు," అంది ఎందుకమ్మ.

టైలరమ్మకు నవ్వు రాలేదు. అత్తగారు వంటింటి చాకుతో పలక విప్పించుకునైనా లోపలికి దూరి మళ్ళీ పూస్తానంటుందని తెలుసు. కానీ ఎక్కడ పూయాలి? ముందుపెట్టె అతుకులన్నిటికీ సబ్బునీళ్ళు రాసి, గొట్టానికి సైకిల్ పంపు తగిలించి కొట్టి చూసింది. గాలి కారేచోట సబ్బు పొంగాలి. ఎక్కడా పొంగలేదు. గాలి మాత్రం నిలవట్లేదు. పంపు ఆపగానే, చెవి ఆనిస్తే, ఎక్కడో బుస్సుమంటూ సన్నటి చప్పుడు. ఎక్కడో మాత్రం తెలియట్లేదు.

ఆ సాయంత్రం భర్త వచ్చి, వాలిపోయిన గ్లౌజుని చూశాడు. షాపులోకి వెళ్ళి గోడని జానలతో కొలుచుకుంటూ నిలబడ్డాడు. అదే టైలరమ్మకు ఎక్కువ గుచ్చుకుంది. కుట్టుకోసం ఇచ్చిన బట్ట పాడైతే డబ్బు తిరిగిచ్చేయొచ్చు, ఇక్కడ తిరిగివ్వడానికి అవతల ఎవరూ లేరు. కట్ చేసిందీ తనే, కుట్టించుకున్నదీ తనే.

శనివారం అతను డ్యూటీకి వెళ్ళగానే పడవని మళ్ళీ గదిలోకి తెచ్చారు. ఫ్యాను ఆపి, షట్టరు సగం దించారు. టైలరమ్మ సన్నటి పట్టుదారం పోగు ఒకటి లాగి సూది చివర కట్టింది. సూదిని అతుకుల వెంబడి నెమ్మదిగా నడిపిస్తే, గాలి ఉన్నచోట పోగు కదలాలి.

"కొట్టండి అత్తయ్యా."

ఎందుకమ్మ పంపు కొట్టడం మొదలుపెట్టింది. పంపు పైకి లేచినప్పుడల్లా ఆమె కూడా కొంచెం లేచేది. టైలరమ్మ ముందుపెట్టె చుట్టూ, అడుగునా, మూత చుట్టూ పోగుని తిప్పింది. పోగు చలించలేదు.

"ఏమైనా ఉందా?"

"లేదు."

"మరి నేను కొట్టిన గాలంతా ఏమైనట్టు? మింగేస్తోందా?"

"వెనకవైపు తలుపు కూడా మూసొస్తాను, అటునుంచి గాలి వస్తోందేమో," అంటూ టైలరమ్మ సూది చేత్తో పట్టుకునే పడవ వెనక్కి నడిచింది. తలుపు మూసి తిరుగుతుంటే, చేతిలో పోగు చటుక్కున పక్కకు లేచింది.

ఆమె ఆగిపోయింది. పడవ వెనక మూల. ముందుపెట్టెకు పూర్తిగా అవతలి కొస ఇది. పంపు ఆగింది, పోగు వాలింది.

"అత్తయ్యా, మళ్ళీ కొట్టండి."

"ఎందుకు?"

"ముందు కొట్టండి, ఎందుకో చెబుతాను."

పంపు కదిలింది, పోగు లేచింది. టైలరమ్మ మోకాళ్ళమీద కూర్చుని చూసింది. పడవ పక్కపలక పైఅంచున బయటివైపు, ముక్కునుంచి వెనక దాకా ఒక పొడవాటి చెక్కపట్టీ ఉంది. గౌను అంచుకి పైపింగ్ వేసినట్టు అందంగా ఉంటుందని తనే బిగించింది. ఆ పట్టీ వెనక కొసలోంచి వస్తోంది గాలి. రెండోవైపు పట్టీ దగ్గర పెట్టినా అంతే.

పిట్టంత ఎందుకమ్మ పంపు వదిలి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ తలలు ఆనించి ఆ కొసని చూశారు.

"ఈ పట్టీ వెనక ఏముంది?"

"ఏమీ లేదు. రెజిన్ అంతటికీ చాలదని మరలున్నచోట మాత్రమే పెట్టాను. కిందా పైనా అంచుల్లో పుట్టీ పెట్టి నున్నగా చేశాను." చెబుతూండగానే ఆమెకు అర్థమైంది. పట్టీ వెనక సందు ఒక సొరంగంలా ఈ కొసనుంచి ఆ కొసకు ఉంది. అంచులు అంత నున్నగా మూసింది కాబట్టే మధ్యలో ఎక్కడా గాలి బయటపడలేదు. "కానీ పెట్టెలో గాలి ఈ సందులోకి ఎలా వెళ్తుంది? మధ్యలో పక్కపలక అడ్డం ఉంది కదా."

ఎందుకమ్మ పీట లాక్కుని కూర్చుంది, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "నువ్వు చొక్కా కుట్టేటప్పుడు మొట్టమొదటినుంచి ఏంచేస్తావో చెప్పు. ఏదీ వదలకు."

"ఇప్పుడు చొక్కా ఎందుకత్తయ్యా?"

"ఆ ప్రశ్న నాది. నువ్వు చెప్పు."

"బట్ట మడతేస్తాను. కుడిఎడమలు ఒకేసారి తెగాలి కదా. చాక్‌తో గీస్తాను. కత్తిరిస్తాను. తర్వాత జేబు ఎక్కడ రావాలో, డార్ట్ మడత ఎక్కడ ముగియాలో రెండు పొరల్లోనూ ఒకేచోట గుర్తు పడాలని దబ్బనంతో..." ఆమె చూపు పడవ పక్కపలక మీదికి వెళ్ళింది.

"దబ్బనంతో?"

"పొడుస్తాను."

పడవ పక్కపలకలు రెండూ జోడించి కత్తిరించేటప్పుడు, ముక్కు ఒంపు దగ్గర రెండువైపులా సరిగ్గా జత కుదరాలని, టైలరమ్మ సన్నమేకుతో రెండు పలకల్లోంచీ ఒకేసారి గుర్తులు పొడిచింది. వెనకభాగం తిన్నగా ఉంటుంది కాబట్టి అక్కడ చాక్ గీత సరిపోయింది. ఆ పొడిచిన విషయం ఆమెకు గుర్తుండే పని కూడా కాదు. ఊపిరి పీల్చుకున్నట్టు చేసే పని అది. ఆ తర్వాత సరిగ్గా వాటిమీదే పైపింగ్ పట్టీ వచ్చి కూర్చుంది.

"బట్టలో అయితే ఇస్త్రీ పెట్టగానే పూడిపోతాయి," అంది సన్నగా.

"చెక్కకు ఇస్త్రీ పెట్టలేదు కదా." ఎందుకమ్మ మొహం వెలిగిపోయింది. "అయితే నేను పూసిన పూత ఆ రంధ్రాల్లోంచి అవతలికి జారిపోయి ఉంటుంది. అంటే నేను సరిగానే పూశాను."

"మీరు సరిగానే పూశారత్తయ్యా. పొడిచింది నేను."

"పొడవకపోతే ఈ సొరంగం సంగతి మనకి తెలిసేదా?"

పట్టీలు ఊడదీస్తే ఆదివారానికి అందదు. లోపలినుంచే మూయాలి. మరమూత తీస్తే ఎందుకమ్మ చెయ్యి భుజం దాకా పడుతుంది. కానీ చెయ్యి పెట్టాక కంటికి దారి లేదు. ఏ రంధ్రం ఎక్కడుందో చీకట్లో తడిమి పట్టుకోవాలి. దీనికి టైలరమ్మే ఉపాయం చెప్పింది. ఇప్పటిదాకా గాలిని ముందునుంచి కొట్టారు. పట్టీ వెనక కొసలోంచి ఎదురు కొడితే గాలి ఆ రంధ్రాల్లోంచి పెట్టెలోకి వస్తుంది. తడివేలికి చల్లగా తగులుతుంది. తగిలినచోట ఒక గుండుసూది గుచ్చి ఉంచితే, తర్వాత సూది తలలను పట్టుకుని పుట్టీ పెట్టొచ్చు.

భర్త డ్యూటీ దిగి వచ్చేసరికి, తల్లి పడవలో బోర్లా పడుకుని, చెంప పలకకి ఆనించి, చెయ్యంతా ముందుపెట్టెలోకి దూర్చి ఉంది. భార్య వెనక కొస దగ్గర చతికిలబడి పంపు కొడుతోంది.

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అమ్మా, పడవకి పురుడా?"

"దూడ అడ్డం తిరిగింది," అంది ఎందుకమ్మ కళ్ళు మూసుకునే. "నీ పెళ్ళాం చేతులు పడిపోయాయి, పంపు నువ్వందుకో. గట్టిగా కాదు. ఆ, అలా. అమ్మాయ్, ఇక్కడొకటి. చల్లగా, చీమ ఊదినట్టు."

"చీమ ఊదుతుందా?"

"ఊదితే ఇలాగే ఉంటుంది. సూదియ్యి."

అతను ఏమీ అర్థంకాకుండానే కొంతసేపు పంపు కొట్టాడు. తర్వాత ఉండబట్టలేక అడిగాడు. భార్య చెప్పింది, మేకుతో పొడిచిన దగ్గర్నుంచి దారపుపోగు దాకా. అతను పంపు ఆపి పట్టీని వేలితో తడిమాడు, ముందు కొసనుంచి వెనక కొస దాకా నడిచి వెళ్ళి, మళ్ళీ వెనక్కి నడిచి వచ్చాడు.

"అక్కడ దూరి ఇక్కడ తేలుతోందా?"

"పంపు ఆపావేంరా?" అంది లోపలినుంచి తల్లి గొంతు.

సూదులన్నీ పడ్డాక, సాయంత్రం గది చల్లబడే వేళ చూసి, ఎందుకమ్మ గ్లౌజు తొడుక్కుని ఒక్కో సూదీ లాగుతూ దాని చోట పుట్టీ అదిమింది. పట్టీల కొసలకూ పెట్టారు. అంతా అయ్యాక చెయ్యి బయటికి తీస్తే, భుజం మీద మరమూత గుండ్రటి అచ్చు ఎర్రగా పడి ఉంది. ఆమె దాన్ని ఆసక్తిగా తిప్పి తిప్పి చూసుకుంది.

ఆదివారం పెరట్లో ముగ్గురూ మూడు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వెనకపెట్టె గ్లౌజు మామూలుగానే లేచింది. ముందుది లేవలేదు. ఎండ వాళ్ళ కాళ్ళమీదికొచ్చింది. టైలరమ్మ చూపు తిప్పుకుని గోడవైపు చూస్తూ కూర్చుంది.

"ఇది పెద్ద పెట్టె, మెల్లగా..." అని ఎందుకమ్మ అనబోతుండగా అతనే, "ఆగమ్మా, చిటికెనవేలు చూడు," అన్నాడు.

చిటికెనవేలు కొంచెం నిక్కింది. పక్కవేలు దాన్ని అందుకుంది. గ్లౌజు ఒళ్ళు విరుచుకుంటున్నట్టు లేచి, అరచెయ్యి నిండి, ఐదువేళ్ళూ చాపి నిలబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముగ్గురూ దానివంకే చూస్తూ ఉండిపోయారు. అతను వెళ్ళి దాన్ని వేలితో మెల్లగా వెనక్కి నెట్టాడు. అది మళ్ళీ లేచింది.

సాయంత్రం రేవు దగ్గర, మోకాళ్ళ లోతులో పడవని దించి, గొట్టాలకు బిరడాలు బిగించారు. అన్నమాట ప్రకారం అతను బక్కెటతో నీళ్ళు తోడి పడవ నిండా పోశాడు. దయ చూపలేదు, ఒక్క బక్కెట కూడా తగ్గించలేదు. పడవ కిందికి దిగింది, ఇంకా దిగింది. అంచు నీటికి సమానమయ్యే దాకా దిగి, అక్కడ ఆగింది.

"ఇప్పుడు ఎక్కు," అన్నాడు.

టైలరమ్మ చీరకుచ్చెళ్ళు దోపుకుని ఎక్కింది. కూర్చోగానే నీళ్ళు నడుందాకా వచ్చాయి. అంచు ఒక్క క్షణం మునిగింది. పడవ అటూ ఇటూ ఊగి, కింద ఎవరో అరచేతిలో పట్టుకున్నట్టు నెమ్మదిగా నిలదొక్కుకుంది. లోపలా నీళ్ళే, బయటా నీళ్ళే, మధ్యలో పలుచటి చెక్క. ఆ చెక్కమీద తను, తేలుతూ.

ఒడ్డునుంచి ఎందుకమ్మ మెడ చాచి చూస్తోంది. "ఎలా ఉందే?"

టైలరమ్మ చెప్పబోయింది. అలవాటైన మాటలేవీ సరిపోలేదు. "చెప్తే తెలీదత్తయ్యా," అంది.

"ఎందుకు తెలీదు?"

టైలరమ్మ భర్త కొడుకుగా తల్లివంక చూశాడు, డ్రైవరుగా పడవవంక చూశాడు. బక్కెట ఒడ్డుకు విసిరేశాడు. ఒడ్డుకు వచ్చి, తల్లిని చంటిపిల్లలా రెండు చేతులా ఎత్తుకుని, నీళ్ళలోకి నడిచాడు.

"మరి నీళ్ళు తోడెయ్యొద్దుట్రా?" అంది ఆమె అతని మెడ పట్టుకుని.

"తోడేస్తాను. ముందు ఇద్దర్నీ మోస్తుందో లేదో చూద్దాం," అన్నాడతను, తల్లిని కోడలి ఎదురుగా నీళ్ళలోనే కూర్చోబెడుతూ.